చమురు పడ్డాక: బాంబే హై తొలి నాళ్లు

బాంబే హై చమురు క్షేత్రం ప్రస్తావన వస్తే అందరూ 1974 ఫిబ్రవరి నెలనే తలచుకుంటారు. బొంబాయి తీరానికి దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రంలో, సాగర్ సమ్రాట్ అనే రిగ్ అక్కడ తవ్విన మొదటి బావిలోనే చమురు పడిందన్న వార్త ఆ నెలలో దేశమంతా పాకింది. నేను అప్పుడు వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. మా విభాగం వరండాలో ఒకే పత్రికను ఐదారుగురం కలిసి చదివిన సంగతి గుర్తుంది కానీ, ఆ ఘనతలో నా పాత్ర అంతవరకే. నేను ఓఎన్‌జీసీలో చేరి, డెహ్రాడూన్‌లో శిక్షణ ముగించుకుని బొంబాయి చేరేనాటికి తొలి బావి పాతబడిపోయింది. నా కళ్లతో నేను చూసింది ఆ తర్వాతి ఘట్టం. దొరికిన చమురు ఎంత, అది ఎక్కడిదాకా ఉంది, తీస్తే వస్తుందా రాదా అని ఒక్కొక్క బావినీ అడిగి తెలుసుకున్న కాలం అది. ఆ రోజుల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు కాబట్టి, జ్ఞాపకం ఉన్నంతవరకు నేను రాస్తున్నాను.

నిజానికి ఆ సముద్రం అడుగున ఒక పెద్ద గుమ్మటంలాంటి రాతి నిర్మాణం ఉందన్న సంగతి 1960ల మధ్యలోనే తెలుసు. అకడమిక్ అర్ఖంగెల్స్కీ అనే సోవియట్ నౌక ఖంభాత్ అఖాతంలోనూ, దానికి దక్షిణాన ఉన్న సముద్రంలోనూ భూకంప తరంగ సర్వే జరిపి ఆ ఆకారాన్ని కాగితం మీదికి తెచ్చింది. అయితే సుమారు 75 మీటర్ల నీటిలో నిలబడి తవ్వగలిగే రిగ్ మన దగ్గర లేదు. 1970లో భావనగర్ దాపున అలియాబెట్ దగ్గర, తక్కువ లోతు నీటిలో వేదిక కట్టి తవ్విన బావితో మన సముద్ర అన్వేషణ మొదలైంది. అసలైన గుమ్మటం జోలికి వెళ్లడానికి మాత్రం జపాన్‌లోని హిరోషిమాలో మిత్సుబిషి సంస్థ నిర్మించిన సాగర్ సమ్రాట్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. కాళ్లను సముద్రపు అడుగుకు దించి, తన శరీరాన్ని అలల మీదికి ఎత్తుకుని నిలబడే జాక్అప్ రిగ్ అది. తర్వాతి కాలంలో రూపాయి నోటు వెనుక అచ్చయిన బొమ్మ దానిదే. ఆ నోటును రోజూ చేతులు మార్చుకున్నవారిలో ఆ బొమ్మ ఏమిటో ఎరిగినవారు తక్కువేనని నా అనుమానం.

అది వచ్చిన సమయం కూడా అలాంటిది. 1973 అక్టోబరు అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత మూడు నెలలు తిరిగేలోగా బారెల్ ముడి చమురు ధర సుమారు మూడు డాలర్ల నుంచి పన్నెండు డాలర్ల దరిదాపులకు ఎగబాకింది. మనకు కావలసిన చమురులో మూడింట రెండు వంతులు బయటినుంచే కొంటున్నాం. కిరోసిన్ కోసం మా ఊళ్లో డబ్బాలు పట్టుకుని బారులు తీరిన ఆడవాళ్లకు ఈ లెక్కలు తెలియకపోవచ్చు గానీ ఫలితం మాత్రం బాగా తెలుసు. అందుకే చమురు పడిందన్న వార్త ఒక విజయోత్సవంలా జనంలోకి వెళ్లింది. ఎంత పడింది అన్న ప్రశ్న ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. తట్టినా, జవాబు చెప్పగలిగినవారు ఆనాడు లేరు.

ఒక బావి చెప్పగలిగింది చాలా తక్కువ. జానెడు వెడల్పున్న రంధ్రం అది. దాని చుట్టూ కొన్ని అడుగుల దూరం వరకు రాయి ఎలా ఉందో అది కచ్చితంగా చెబుతుంది; పది కిలోమీటర్ల అవతలి సంగతి దానికి తెలియదు. ఆ నిర్మాణం చూస్తే అరవై కిలోమీటర్లకు మించిన పొడవు, ఇరవై కిలోమీటర్లకు పైబడిన వెడల్పు. రెండో బావి, మూడో బావి ఎక్కడ వేయాలన్నది మా కార్యాలయంలో ఎప్పటికీ తెగని వాదన. మొదటి బావికి దగ్గరలో వేస్తే చమురు పడటం దాదాపు ఖాయం, పత్రికలకు మరో శుభవార్త దొరుకుతుంది, కానీ కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. దూరంగా అంచున వేస్తే నీళ్లు పడే ప్రమాదం ఉంది, అయితే ఆ నీళ్లతోనే నిక్షేపానికి ఒక హద్దు ఏర్పడుతుంది. మా విభాగంలో ఒక బెంగాలీ పెద్దాయన ఉండేవారు, అందరం ఆయన్ని దాదా అనేవాళ్లం. మన పటం తప్పని రుజువయ్యే చోటే బావి వేయాలి, ఒప్పని రుజువయ్యే చోట వేసి ఏం లాభం అని ఆయన వాదించేవారు. పైవాళ్లకు ఆ మాట రుచించేది కాదు. ఒక్కో బావికి అయ్యే ఖర్చు, అందులోనూ విదేశీ మారకద్రవ్యంలో అయ్యే ఖర్చు, ఆ రోజుల్లో చిన్న విషయం కాదు మరి. ఆ వాదనలు విన్న నాకు ఒక సంగతి మాత్రం స్థిరపడిపోయింది. బాంబే హైని కనిపెట్టింది ఒక బావి కావచ్చు గానీ, అది పెద్ద నిక్షేపమని తేల్చినవి దాని తర్వాత వరుసగా పడిన డెలినియేషన్ బావులు, అంటే నిక్షేపం హద్దులు తేల్చే బావులు. వాటిలో నీళ్లు పడినవి కూడా ఉన్నాయి. బయటివారి దృష్టిలో అవి విఫలమైన బావులు. పటం మీద పెన్సిల్‌తో గీత గీసేవాడికి వాటిని మించిన సాయం లేదు.

వెల్‌సైట్ జియాలజిస్టుగా నా పని రిగ్ మీదే. జుహు నుంచి హెలికాప్టర్ ఎక్కితే, కాసేపటికి కింద నీరు తప్ప మరేమీ కనిపించదు. చాలాసేపటి తర్వాత అగ్గిపెట్టెంత రిగ్ కనబడుతుంది. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఒడ్డున. రుతుపవనాలు మొదలైతే రిగ్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి కదిలించడం మహా కష్టం. కాళ్లు పైకి లాక్కుని తేలుతున్నప్పుడు ఆ రిగ్ అలలకు పూర్తిగా లోకువ. కాబట్టి జూన్ రాకముందే రిగ్‌ను ఏ స్థలంలో నిలబెట్టాలన్నది ఒక పెద్ద లెక్క. ఆ నాలుగు నెలలూ అది అక్కడే ఉండిపోవచ్చు మరి.

మా రిగ్ మీద మడ్ కెమిస్టు తెనాలివారు. వయసులో నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. మడ్ అంటే తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురదలాంటి ద్రవం. దాని బరువు, చిక్కదనం చూసుకోవడం ఆయన పని. ఆ మడ్‌తోపాటు పైకి వచ్చే రాతి ముక్కలను చూసుకోవడం నా పని. ఆ ముక్కలను మడ్ నుంచి వేరుచేసే జల్లెడ, షేల్ షేకర్ దగ్గర ఇద్దరం తారసపడినప్పుడల్లా, "ఏమయ్యా కోనసీమా, రాయి ఏమంటోంది?" అని అడిగేవారు. "ఇంకా సున్నమే అంటోందండీ" అనేవాణ్ణి. ఆ వేళాకోళం ఎంత మామూలుగా సాగేదో, చమురు పొర దగ్గరపడే రోజున అంత తగ్గిపోయేది. బావి అడుగున బిట్ (తవ్వే మొన) కొట్టిన రాయి మడ్‌తో కలిసి పైకి రావడానికి చాలాసేపు పడుతుంది. అడుగున తవ్వే వేగం ఒక్కసారిగా పెరిగితే మెత్తని రాయో, రంధ్రాలున్న రాయో తగిలిందని డ్రిల్లర్‌కు వెంటనే తెలుస్తుంది. ఆ రాయి ఏమిటో నాకు తెలియాలంటే ఆ ముక్కలు పైకి వచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చోవాలి. వచ్చాక కడిగి, పళ్లెంలో పోసి, మైక్రోస్కోపు కింద పెట్టేవాణ్ణి. నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే సున్నపురాయి బుసబుస పొంగుతుంది, డోలమైటు అయితే బద్ధకంగా బుడగలు వదులుతుంది. తర్వాత అతినీలలోహిత దీపం ఉన్న పెట్టెలో ఆ పళ్లెం పెట్టి చూడాలి. చమురు అంటిన ముక్కలు చీకట్లో పసుపుపచ్చగా మెరుస్తాయి. కానీ పైపుల మరలకు పూసే గ్రీజు కూడా మెరుస్తుంది, కొన్ని రకాల కాల్సైటు కూడా మెరుస్తుంది. అందుకని ఒక ముక్కను విడిగా తీసి, ద్రావకం పోసి, దానిలోంచి మెరుపు పొగలా పాకుతూ బయటికి వస్తుందా లేదా అని చూడవలసిందే. అలా పాకితే చమురు, కదలకుండా ఉంటే ఖనిజం. ఈ ఒక్క పరీక్ష తెలియక మిగతా అన్నీ తెలిసినా రిగ్ మీద కొత్తవాడు పనికిరాడు.

కోర్ తీసే రాత్రులు వేరు. రాతి ముక్కలు కాకుండా రాయినే స్తంభంలా కోసి పైకి తెచ్చే పని అది. తవ్వకం ఆపి, పైపులన్నీ విప్పుకుంటూ పైకి లాగి, కోర్ బ్యారెల్ బిగించి మళ్లీ కిందికి దించి, కొన్ని మీటర్లు కోసి, మళ్లీ అన్నీ పైకి లాగాలి. అంతా అయ్యేసరికి ఏ అర్ధరాత్రో అయ్యేది. బ్యారెల్‌ను రిగ్ మీది ఎత్తైన ఇనుప చట్రం డెరిక్‌కు వేలాడదీసి మెల్లగా తెరిస్తే, కోర్ అడుగు భాగం ముందుగా జారి వస్తుంది. చేతులకు తొడుగులు వేసుకుని కింద నిలబడి, వచ్చిన ముక్కను వచ్చిన వరుసలో అందుకుని, తిరగబడకుండా చెక్కపెట్టెలో పేర్చడం నా బాధ్యత. నీళ్లతో కడగకూడదు, గుడ్డతో తుడవాలి. తుడిచిన వెంటనే దాని పొడవునా ఎరుపు, నలుపు గీతలు జంటగా గీయాలి. పైవైపు చూపిస్తూ నిలబెడితే ఎరుపు కుడిచేతి వైపు ఉండాలి. లేకపోతే నెల తర్వాత ప్రయోగశాలలో ఎవరికీ ఏ ముక్కకు ఏది పైనో తెలియదు. కొన్ని ముక్కలను కరిగించిన మైనంలో ముంచి, లోపలి ద్రవం ఆరిపోకుండా భద్రపరిచేవాళ్లం. నాకు బాగా గుర్తున్న కోర్‌లో లేత బూడిదరంగు సున్నపురాయి మధ్య గోధుమరంగు చారలు ఉండేవి. ఆ చారల్లో వేలిగోరు దూరేంత గుల్లలు, ఆ గుల్లల అంచున సన్నగా ఊరుతున్న చమురు, దాని నుంచి కిరోసిన్‌కు దగ్గరగా ఉన్నా అంత ఘాటులేని వాసన. ఆ గోధుమరంగు చార రెండు జానలు సాగి, ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని కింద నల్లని షేల్ (గట్టిపడిన బురదరాయి), మళ్లీ కింద గట్టి సున్నపురాయి, ఆమ్లం వేస్తే పొంగడమే తప్ప చమురు ఆనవాలే లేదు.

బాంబే హై కథలో అసలు చిక్కు ఆ చారల దగ్గరే మొదలైంది. ఎల్-3 అని మేం పిలుచుకున్న ఆ సున్నపురాయి పొర సుమారు రెండు కోట్ల ఏళ్ల కిందటి మయోసీన్ కాలంలో లోతులేని సముద్రంలో ఏర్పడింది. సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ ఉండటంతో ఒకసారి సున్నం, ఒకసారి బురద పేరుకున్నాయి. నీరు వెనక్కి తగ్గి సున్నం బయటపడినప్పుడల్లా వాననీరు దాన్ని కరిగించి గుల్ల చేసింది. తాపేశ్వరం మడతకాజాను అడ్డంగా కోస్తే పొరపొరకూ పాకం ఒకేలా ఎక్కి ఉండదు చూడండి, ఎల్-3 కూడా అంతే. కొన్ని మీటర్ల మందం ఉన్న ఒక పొర నిండా చమురు, దాని కిందిది ఎండురాయి. ఒక బావిలో బాగా గుల్లగా ఉన్న పొర పక్క బావిలో గట్టిపడిపోయి కనిపించేది. మొత్తం మందం చూసి ఇంత చమురు ఉందని లెక్కగడితే అది అబద్ధపు లెక్క అవుతుంది. ప్రతి పొరనూ విడిగా గుర్తించి, దానికో పేరు పెట్టి, ఒక బావి నుంచి మరో బావికి దాన్ని వెంబడించాలి. ఆ పొరలకు ఏ1, ఏ2 అని, వాటిలో మళ్లీ ఉపవిభాగాలు చేసి పెట్టిన పేర్లు ఈనాటికీ వాడుకలో ఉన్నాయి.

కోర్ అన్నిచోట్లా తీయలేం కాబట్టి, మిగతా బావి అంతా లాగ్స్ మీద ఆధారపడాలి. తీగ చివర పరికరం కట్టి బావిలోకి దించి, పైకి లాగుతూ రాతి విద్యున్నిరోధం, సాంద్రత, ధ్వని ప్రయాణించే వేగం కొలిచేవారు. ఉప్పునీరు విద్యుత్తును పోనిస్తుంది, చమురు పోనివ్వదు; ఆ తేడాతో ఏ లోతు దాకా చమురు, ఎక్కడినుంచి నీరు అన్నది బయటపడుతుంది. ఇక్కడ మరో మెలిక ఉంది. చమురు పైన గ్యాస్ టోపీలా కూర్చుని ఉంది. కాబట్టి గ్యాస్ ఎక్కడ ఆగి చమురు మొదలవుతుంది, చమురు ఎక్కడ ఆగి నీరు మొదలవుతుంది అన్న రెండు మట్టాలూ తేలాలి. రెండింటి మధ్య ఉన్నదే మనకు దక్కేది. ఉత్తర భాగానికీ దక్షిణ భాగానికీ మధ్య, చమురు సులువుగా దాటలేని ఒక అడ్డుపట్టీ తూర్పు పడమరలుగా ఉందని క్రమంగా అర్థమైంది. తూర్పు అంచు ఒక పెద్ద భ్రంశం దగ్గర, అంటే రాతి పొరలు విరిగి జారిన చోట, తెగిపోతుంది. పడమటి వైపు మాత్రం రాయి చాలా మెల్లగా వాలుతుంది, కాబట్టి నీటిమట్టం కొద్ది మీటర్లు అటూఇటూ అయినా పటంలో హద్దు కిలోమీటర్ల కొద్దీ జరిగిపోయేది. మా దాదాకూ పైవాళ్లకూ జరిగిన వాదనల్లో సగం ఆ పడమటి వాలు గురించేనంటే అతిశయోక్తి కాదు.

టెస్టింగ్ రోజు మాత్రం రిగ్ మీద వంటవాడు సహా అందరూ రెయిలింగ్ పట్టుకుని నిలబడేవారు. చమురు ఉందని లాగ్స్ చెప్పినా, అది తనంత తాను పైకి వస్తుందా, ఎంత వేగంగా వస్తుంది, ఎంతసేపు వస్తుంది అన్నది పారించి చూస్తేనే తెలుస్తుంది. ముందు పైపుల్లోని నీరు, తర్వాత గ్యాస్ చప్పుడు, ఆ తర్వాత గాలివాలు చూసి రిగ్ నుంచి బయటికి చాచిన పొడవాటి బూమ్ చివర ఒక్కసారిగా మంట. రాత్రిపూట ఆ వెలుగులో సముద్రం చాలా దూరం వరకు రాగిరంగులో కనిపించేది, వేడికి ఇనుప కమ్మీలు తాకలేకపోయేవాళ్లం, వాటి మీద నీళ్లు చిమ్ముతూ ఉండాలి. జనం మంట చూసేవారు. మేం పీడనం చూపే గేజ్‌ను చూసేవాళ్లం. బావి మూసేశాక పీడనం మళ్లీ ఎంత త్వరగా పుంజుకుంటుందో, ఆ రాయిలో చమురు ఎంత సులువుగా కదులుతుందో దానిబట్టి తెలుస్తుంది. సీసాలో పట్టిన నమూనా తేలికైన చమురు, గంధకం బాగా తక్కువ, మైనం మాత్రం ఎక్కువ. చల్లటి గదిలో పెట్టిన సీసా తెల్లారేసరికి చిక్కబడి ఉండేది. సముద్రపు అడుగున గొట్టాల్లో ఇది గడ్డకడితే ఎలాగన్న బెంగ ఇంజనీర్లకు అప్పుడే మొదలైంది.

ఒడ్డున ఉన్న రెండు వారాలూ పటాల పని. కంప్యూటర్ ఎక్కడో ఉండేది కానీ మా బల్ల మీద లేదు. ట్రేసింగ్ కాగితం మీద బావుల లోతులు గుర్తించి, చేత్తో సమోన్నత రేఖలు గీసి, నికరంగా చమురున్న పొరల మందానికి విడిగా పటం వేసి, ఒక్కో రేఖ చుట్టూ ప్లానిమీటర్ తిప్పి వైశాల్యం తీసేవాళ్లం. చెయ్యి వణికితే లెక్క మారుతుంది కాబట్టి ఒక్కొక్క రేఖ మీదా మూడుసార్లు తిప్పి సగటు వేసుకునేవాళ్లం. ఆ వైశాల్యాన్ని మందంతో గుణించి, రాతిలో గుల్లల భాగం ఎంతో, ఆ గుల్లల్లో నీరు పోగా చమురు ఎంతో లెక్కవేసి, పైకి వచ్చాక గ్యాస్ విడిపోయి చమురు కుంచించుకుపోయే మేరకు తగ్గించాలి. ఐదారు అంకెల గుణకారమే, బడి పిల్లవాడు కూడా చేయగలడు. కానీ ప్రతి అంకె వెనుకా ఒక ఊహ ఉంది. కొత్త బావి నుంచి వైర్‌లెస్‌లో కబురు వచ్చిన ప్రతిసారీ రేఖలు చెరిపి మళ్లీ గీసేవాళ్లం, రబ్బరు పొడి దులుపుకుంటూ దాదా, "ఇది పటం కాదు, ఈ వారానికి మన అభిప్రాయం" అనేవారు.

అభిప్రాయం స్థిరపడేదాకా ఆగే తీరిక దేశానికి లేదు. 1976 మే 21న బాంబే హై నుంచి ఉత్పత్తి మొదలైంది. తొలి బావి తర్వాత రెండేళ్ల మూడు నెలలే. సముద్రంలో దొరికిన నిక్షేపానికి అది చాలా తక్కువ వ్యవధి. మొదట్లో చమురును సముద్రంలోనే ట్యాంకర్లలో నింపుకుని తెచ్చేవారు, 1978లో బొంబాయి దగ్గరి ఉరణ్‌కు గొట్టాలు వచ్చాయి. మొత్తం తెలిశాక మొత్తం కట్టడం కాకుండా, తెలిసినంతమేరకు దశలవారీగా వేదికలు కట్టి, ఆ బావుల నుంచి వచ్చే సమాచారంతో తర్వాతి దశను సరిచూసుకోవాలన్నది ఆనాటి పద్ధతి. దాన్ని తొందరపాటు అన్నవారూ ఉన్నారు. నా దృష్టిలో ఆ పరిస్థితుల్లో అంతకన్నా తెలివైన దారి లేదు. ఇలాంటి పొరల రాయిని పదిహేను బావులతో పూర్తిగా అర్థం చేసుకున్నామని చెప్పేవాణ్ణి నేను నమ్మను. ఉత్పత్తి బావులన్నీ ఒకరకంగా డెలినియేషన్ బావులే అయ్యాయి. అడుగునున్న నీటి నుంచి రాయికి తగినంత ఊపు అందడం లేదని, పీడనం నిలబెట్టడానికి నీళ్లు పంపింగ్ చేయవలసిందేనని 1980ల్లో తేలింది కూడా ఉత్పత్తి లెక్కల వల్లనే. ఆ దశాబ్దం చివరికి, 1989లో, రోజుకు 4 లక్షల 70 వేల బారెళ్లకు పైగా వచ్చిన రోజులు బాంబే హై చూసింది.

తర్వాత నేను రాజమండ్రికి బదిలీ అయ్యాను. 1987లో మా కోనసీమ తీరానికి ఎదురుగా రవ్వ క్షేత్రం బయటపడినప్పుడు, అమలాపురం బంధువులంతా నన్ను పెళ్లిళ్లలో నిలదీసి చమురు ఎంత ఉందని అడిగేవారు. అక్కడ రాయి ఇసుకరాయి, గుమ్మటం చిన్నది, సమస్యలు వేరు. నాకు మాత్రం బాంబే హై రోజుల అలవాటే పనికొచ్చింది. ఇంకో రెండు బావులు పడనివ్వండి, అప్పుడు చెబుతాను అనేవాణ్ణి. దాంతో నాకు పొగరని పేరు కూడా వచ్చింది.

2000 తర్వాత బాంబే హై పునరభివృద్ధి మొదలయ్యాక, పాత కోర్లను మళ్లీ పరిశీలిస్తున్న ఒక అమ్మాయి ఎవరినో అడిగి నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. తెలుగమ్మాయే, బాపట్ల దగ్గర. "అంకుల్, మీరు సంతకం చేసిన పెట్టెలో రెండు మీటర్లు ఖాళీగా ఉందండీ, కోర్ పోయిందా, అసలు రాలేదా?" అని అడిగింది. రాలేదమ్మా అన్నాను. బాగా గుల్లగా ఉన్న రాయి బ్యారెల్‌లో నిలవకుండా పొడిపొడిగా రాలి మడ్‌లో కలిసిపోతుంది, గట్టిరాయి మాత్రమే బుద్ధిగా పెట్టెలోకి వస్తుంది; కాబట్టి ఆ ఖాళీని చెడ్డరాయి కింద జమకట్టవద్దని, ఆ లోతు దగ్గర ధ్వని వేగం కొలిచిన సోనిక్ లాగ్, తవ్వకం వేగం రెండూ పక్కపక్కన పెట్టి చూడమని చెప్పాను. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసి, ఆ రెండు మీటర్లకూ గుల్లల శాతం పెంచి లెక్క మార్చామని చెప్పింది.